దారమంత నీళ్ళు

ఫోను మోగేసరికి రాత్రి రెండు దాటింది.
కవిటిలో పుష్యమాసపు మంచు
కొబ్బరి మట్టల మీంచి మా రేకుల మీదికి
టప్... టప్... రాలుతోంది.
మా ఇంట్లో అడక్కుండా పడే నీరు అదొక్కటే.

"మేస్త్రీ, నాను, మందస లోకనాథాన్ని.
లేహ్ నుంచి. బేరక్ గొట్టం బిగిసిపోనాది."

మాటకీ మాటకీ మధ్య
వాడి పళ్ళు కొట్టుకుంటున్న చప్పుడు
డబ్బాలో మేకులు కదిపినట్టు.

నాలుగు చలికాలాలు ఆ గొట్టాలు నావే.
నేనే బిగించాను, నేనే గోనెపట్టాలు చుట్టాను,
పాత కంబళి చింపి మలుపు మలుపుకీ కట్టాను
పసిబిడ్డకి చెవులు కప్పినట్టు.
అక్కడ నీరు చచ్చేముందు ఉబ్బుతుంది.
ఇనుమునైనా చీలుస్తుంది.
మొదటి ఏడు నాకది తెలీదు.
కొళాయి గట్టిగా కట్టేసి పడుకున్నాను, మా ఊరి అలవాటు.
తెల్లారేసరికి గోడలోంచి
ఒక గాజుకర్ర పొడుచుకొచ్చి నిలబడింది.
హవల్దారు తిట్టలేదు.
పక్క గదిలో కొళాయిని కాస్త తిప్పి
దారమంత నీళ్ళు వదిలి చూపించాడు.
కదిలే నీరు గడ్డకట్టదు, అన్నాడు తన భాషలో.
నాకు అర్థమైన మొదటి వాక్యం అది.

ఇంటికొచ్చాక చెయ్యి ఊరుకుంటుందా?
నిద్రలోనే లేచి
డ్రమ్ము కొళాయి సన్నగా తిప్పేవాణ్ణి.
పొద్దున్నే అడుగు కనబడుతున్న డ్రమ్ము చూసి
కూర్మమ్మ మూడు రోజులు నాతో మాట్లాడలేదు.
మాకు కుళాయి నీళ్ళు రోజు విడిచి రోజు, ముప్పావుగంట.
తాగేవి నీలం క్యాన్లో, ఆటో మీద, డబ్బులిస్తే.
బావి నీళ్ళ మాటెత్తితే చాలు
మా వీధిలో ప్రతివాడి చెయ్యీ
నడుము వెనక్కి పోతుంది.

"మంట పెట్టకు," అన్నాను. "ఎవుడు సెప్పినా పెట్టకు.
గొట్టం ఎక్కడన్నా సీలిందేటో సూడు.
సీల్తే మెయిన్ వాల్వు కట్టీ.
నేదంటే కొళాయి తెరిసీసి ఉంచు.
ఏన్నీళ్ళలో గుడ్డ ముంచి
కొళాయి కాడ్నించి మొదలెట్టు. ఎనక్కి, ఎనక్కి.
మద్దెలో మొదలెడితే కరిగిందంతా ఎటు పోతాది?"
"మరి వాషింగ్ మిషనో?"
"ప్లగ్గు పీకీ. దాని గొట్టం కిందకి వంచి
కడుపులో నీళ్ళన్నీ దింపీ. గీజరూ ఆపీ."

కూర్మమ్మ లేచి కూర్చుంది.
బోర్లించిన బకెట్టు మీద ఫోను పెట్టాను, స్పీకరు వేసి.
అటు బూట్ల చప్పుడు. గుడ్డ పిండిన చప్పుడు.
మళ్ళీ బూట్లు.
"ఆ కుర్రోడికి సేతి తొడుగులున్నాయేటి?" అంది.
నేనడగలేదు.

ఎంతసేపో.
గొట్టంలో ముందు ఒక దగ్గు.
తర్వాత ఆవాలు చిటపటలాడినట్టు.
తర్వాత...

"వొచ్చీసినాది మేస్త్రీ!"

కొళాయి పక్కనే పెట్టినట్టున్నాడు ఫోను.
మా గదంతా నీళ్ళు.
కూర్మమ్మ చెయ్యి తనకి తెలీకుండానే
బిందె అంచు మీదికి పోయింది.

"ఎంతసేపు వొదిలేస్తాడు? కట్టీమను."
"కట్టకూడదే. దారమంత చేసి
తెల్లవార్లూ అలగే ఉంచాలి."
"తెల్లవార్లూ?"
చీకట్లో ఆమె పెదవులు కదిలాయి.
ఎన్ని బిందెలో లెక్క వేస్తోందని నాకు తెలుసు.

రేపు కాదు, ఎల్లుండి మా వంతు.
ఫోనులో ఛార్జింగు పదకొండు శాతం.
పెట్టెయ్యబోయాను.

"ఉండనీ," అంది, దుప్పటి చెవుల దాకా లాక్కుని.
"అదయిపోయేదాకా ఉండనీ."